ఉప్పు వేయక ముందు

కుండలో ఉప్పు వేయక ముందే,
ఉల్లిపాయ తరగక ముందే
వాళ్ళ వాటా పక్కకు తీస్తాను.
ముప్పై రెండేళ్ళు కాస్త్రో బడిలో వండి వార్చినదాన్ని,
కళ్ళు మూసుకున్నా గరిటె లెక్క తప్పదు.

బయట వాన.
చిలోయె దీవిలో వాన పడుతోందని ఎవరూ చెప్పుకోరు,
ఆగితేనే చెప్పుకుంటారు.
కట్టెల పొయ్యి మీద చేప తలలు ఉడుకుతున్నాయి,
ఊదారంగు బంగాళదుంపలు రెండు.
ముళ్ళు వేళ్ళతోనే ఏరతాను,
కళ్ళజోడును నమ్మను.

నీలో మంచి వయసులో ఉన్నాడు.
వాడికి ఒక్కటే గరిటె, నిండుగా.
"కుర్ర కుక్క కదా, మూడు పెట్టు ఎదెల్మీరా"
అంటాడు పక్కింటి బౌతిస్తా.
పోయినేడు అతని మాట విన్నాను.
గొర్రెల వెంట పరిగెత్తాల్సినవాడు
గొర్రెల మధ్య పడుకున్నాడు.
ఎదిగినవాడికి పెట్టడంలో సగం పని
చెయ్యి ఆపుకోవడమే.

సెనీసా సంగతి వేరు.
బూడిద రంగు పిల్లి, ఎవరిదో తెలీదు,
పడవ తాడు మీద నడిచి వచ్చింది,
అప్పటికే పొట్ట ఇంత.
కుక్కకైతే చివరి రోజుల్లో పెంచితే చాలు.
పిల్లికి కడుపు నిలిచిన నాటి నుంచే ఆకలి,
పాలివ్వబోయే రోజులకు
ఒంట్లో ఇప్పుడే దాచుకుంటుంది.
ఈనింది. ఐదు.
తెల్లారి, మధ్యాహ్నం, దీపం పెట్టాక,
మళ్ళీ నడిరాత్రి నా మంచం కోడు గీరుతుంది.
అడగందే అమ్మైనా పెట్టదంటారు.
ఇది అడిగే అమ్మ.

రోసెందో కడుపులో ఉన్న ఏడు
దుంపలకు తెగులు పట్టింది.
మామగారికి, ఆయన తమ్ముళ్ళకు, మా ఆయనకు
వడ్డించాక కుండ గీకితే రాలింది నాకు.
ఎవరూ చెడ్డవాళ్ళు కారు.
నేను అడగలేదు.
వాడు బతికాడు, పడవలకు రంగులేస్తాడు,
పొట్టివాడు.
చొక్కా కొన్న ప్రతిసారీ చేతులు మడిచి కుడతాను.
ఆ రెండంగుళాలు
నా కంచంలోంచి రావలసినవి.

సెనీసా, ఇంకో గరిటె తిను.

ఇక చస్కోన్.
పద్నాలుగేళ్ళు. పళ్ళు రాలిపోయాయి,
ఒక కంటి మీద మీగడ కట్టినట్టు పొర.
అడగడం మరిచిపోయాడు వీడు.
ముక్కు కింద పెడితే గానీ
గిన్నె ఉందని గుర్తు రాదు.
"ముసలి కుక్కకు ఎంత కావాలిలే" అంటాడు బౌతిస్తా.
అలా కాదయ్యా,
ఆ తొడలు చూడు, పుల్లలైపోయాయి.
చేప కండ కాస్త ఎక్కువే పడాలి,
గోరువెచ్చగా, మెత్తగా, కొంచెం కొంచెంగా,
వాసన పైకి లేచేటట్టు.
చల్లారితే
గిన్నె ముందు మర్యాదగా కూర్చుంటాడు,
తినడు.

నవంబరులో ఆసుపత్రి నర్సు,
యస్నా అని చిన్నపిల్ల,
నా చేతిలో ఓ కాగితం పెట్టింది:
ఉప్పు వద్దు, వేపుడు వద్దు,
మెత్తగా, కొంచెం కొంచెంగా.
పకపకా నవ్వాను.
ఎందుకమ్మా అని కంగారు పడింది.
ఈ వంట నాకొచ్చు తల్లీ, అన్నాను.

నిజం చెప్పాలంటే
ఉప్పు వేయక ముందు అని అలవాటుగా అంటున్నాను గానీ
వేసే మాటే లేదు ఇప్పుడు.
ఉప్పు డబ్బా కిటికీలో ఉంది,
వానకు గడ్డకట్టింది.

మోకాళ్ళు ఒప్పుకున్న రోజు
పొయ్యి పక్కన నేల మీదే చతికిలబడతాను.
చస్కోన్ ముందు నాకి చూస్తాడు.
వాడి తోక కదిలితే నేనూ ఓ గుటక.
ఆకలి రుచెరగదంటారే,
మా ఇద్దరికీ ఆకలీ అంతంతే.
వెచ్చగా ఉంటుంది, అదే పదివేలు.

నిన్న సెనీసా
ఒక పిల్లను మెడ కరిచి తెచ్చి
చస్కోన్ పొట్ట దగ్గర పడేసి
తన గిన్నె వైపు పోయింది.
వాడు కదల్లేదు.
ఊపిరి కూడా కాస్త ఆపినట్టున్నాడు.
ఆ పిల్ల వాడి గిన్నెలో కాలు పెట్టి,
తడిసిన కాలిని వింతగా చూసుకుని,
నాకింది.

రేపటికి ఎన్ని గరిటెలో
వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.
తప్పింది.
మళ్ళీ మొదలుపెట్టాను.